మట్టి తినని గుడ్డ

టీచరమ్మ పోయారన్న కబురు మా ఇంటికి కూరల దీదీ తెచ్చింది. సాలువా వైపు పల్లె నుంచి రోజూ పొద్దున్నే గంపతో వచ్చే బెంగాలీ మనిషి ఆమె. ఆ రోజు గుమ్మంలో గంప దించి, వంకాయలు చేతిలోకి తీసుకోకుండా, కొంగుతో మొహం తుడుచుకుని, "తొమాదేర్ దిదిమొణి చొలే గేలేన్" అంది. మీ టీచరమ్మ వెళ్లిపోయింది అని. బియ్యం కడుగుతున్న నా చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి. లోపలి గదిలో మంచం మీదున్న మా అమ్మకి ఆ మాట వినబడింది. ఎప్పుడని అడగలేదు, ఎలా పోయారని అడగలేదు. "ఏ మట్టిలో పెడతారంట?" అంది.

నేను చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లాను. అమ్మ మళ్లీ అడిగింది. "సెప్పవేటే? ఏ మట్టిలో పెడతారంట?"

టీచరమ్మ వాళ్లు క్రైస్తవులు. వాళ్ల సమాధుల తోట ఎక్కడుందో ఖరగ్‌పూర్‌లో ఇన్నేళ్లు బతికిన మా అమ్మకి తెలియనిది కాదు. ఆమె అడిగింది చోటు గురించి కాదు, మట్టి గురించి. ఆ ప్రశ్న వెనక ఒక కథ ఉంది. ఆ కథ చెబితే ఆవిడని తలుచుకున్నట్టే అవుతుంది కాబట్టి, మీకు చెబుతాను.

ఆవిడ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఉండేవారు. కోస్తా నుంచి తాతల నాడే రైలు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. తెలుగు బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల నూలు చీర తప్ప ఇంకొకటి కట్టగా నేను చూడలేదు. మా ఊరి ఎర్రమట్టి పట్టి ఆ చీరల అంచులన్నీ ఇటుక రంగులోకి తిరిగి ఉండేవి. బడి సంచిలో పుస్తకాల పక్కన మట్టి తవ్వే చిన్న ఖుర్పీ ఒకటి పెట్టుకునేవారు. దారిలో గడ్డి మరీ బాగా పెరిగిన చోటా, బొత్తిగా పెరగని చోటా ఆగిపోయేవారు. ఒంగి, చిటికెడు మట్టి తవ్వి, కళ్లు మూసుకుని వాసన చూసేవారు. సైకిళ్ల మీద డ్యూటీకి పోయేవాళ్లు తలలు తిప్పి మరీ చూసేవారు. వెంట మేముంటే మా ముక్కుల కింద కూడా పెట్టేవారు.

"ఏటి వాసన?"

"ఏ వాసనా లేదు టీచరమ్మా."

"అదీ భయం," అనేవారు. ఎందుకు భయమో చెప్పేవారు కారు. మట్టి చేతులు చీరకే తుడుచుకుని నడిచేవారు.

ఇంకో అలవాటు ఉండేది ఆవిడకి. కాపు అయిపోయిన మొక్కల్ని అందరూ పీకి కుప్పేసి తగలబెడుతుంటే, ఆవిడ మాత్రం చుట్టూ తవ్వి, వేళ్లు తెగకుండా తీసి, బకెట్లో నానబెట్టి, మట్టంతా పోయేదాకా కడిగేవారు. తరవాత కాండం పట్టుకుని బట్టలారేసే తీగకి క్లిప్పు పెట్టేవారు. మధ్యాహ్నం గాలికి ఆ వేళ్లన్నీ వరసగా ఊగుతుంటే, తలంటు పోసుకున్న ఆడవాళ్లు మొహాలు కనపడకుండా ఒంగి జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు ఉండేది. ఆ గోడ పక్క నుంచి నడవాలంటే మా వీధి పిల్లలకి హడల్. నాకూ హడలే. కాకపోతే నాది పక్కిల్లు, తప్పించుకునే దారి లేదు.

మా క్వార్టర్ల వెనక మురుగు కాలవ దాటాక ఖాళీ జాగా ఉండేది. అక్కడ ఒక్కో ఇంటికీ ఒక్కో మడి. బెండ, వంగ, తోటకూర, బచ్చలి, పాదులు. రేషన్ బియ్యం, మడిలో కూర, ఈ రెంటితోనే చాలా ఇళ్లు నెలాఖరు దాటేవి. మా ఇల్లు ముఖ్యంగా. నాన్న ఒక్కడి జీతం, తినేవాళ్లం ఇంటినిండా. ఆ నేల ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల బూడిద పోసి పూడ్చిన గుంటలట. పైన జానెడు ఎర్రమట్టి, కింద నల్లటి బూడిద, బొగ్గు చిట్టెం. కాస్త లోతుగా తవ్వితే తుప్పు పట్టిన బోల్టులు తగిలేవి. ఆ కిందికి తవ్వకూడదని పెద్దవాళ్లు అనేవారు. ఎందుకో ఎవరికీ తెలియదు.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడాది ఆ నేల మొండికేసింది. బెండ ఆకు పసుపెక్కింది, వంగ గిడసబారిపోయింది. తోటకూర జానెడు లేవకుండానే పూత పూసి ఊరుకుంది. అందరూ యూరియా తెచ్చి చల్లారు. నాలుగు రోజులు పచ్చబడి, తరవాత ముందుకన్నా అధ్వాన్నం అయింది. మా ఆడవాళ్లకి శుభ్రం ఎక్కువ. ఇంటి వాకిలి ఊడ్చినట్టే మడుల్నీ చీపురు పెట్టి ఊడ్చేవారు. రాలిన ఆకు కనబడితే చాలు కుప్పేసి అగ్గి పెట్టేవారు. నేల అద్దంలా ఉండేది, అందులో ఏదీ పెరిగేది కాదు.

ఒకరోజు టీచరమ్మ మా మడిలోంచి ఎండిపోయిన వంగ మొక్కని తవ్వి తీశారు. కడిగి, అమ్మకి చూపించారు. తల్లివేరు నిటారుగా కిందికి దిగింది. ఒకచోట ఆగింది. పక్కకి తిరిగి, అక్కణ్ణుంచి మళ్లీ పైకి వచ్చేసింది.

అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఏటమ్మా ఇది! కింద ఏటో సూసి బెదిరి ఎనక్కొచ్చినట్టుంది."

టీచరమ్మ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "సరిగ్గా అదే వదినా," అన్నారు.

బడిలో ఆవిడ మాకు పెసర మొక్క వేళ్లు చూపించేవారు. వాటికి ఆవగింజల్లా బుడిపెలుంటాయి. గోటితో గిల్లితే లోపల పల్చటి రక్తం రంగు. "ఇది గాల్లోంచి బలం పట్టి మొక్కకి పెడతాది. ఎర్రగా ఉందంటే పని చేస్తన్నట్టు," అనేవారు. మొక్కలకి రక్తముంటుందని మేం ఇళ్లకెళ్లి గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆ ఏడాది మా మడిలో పెసర పీకి తెచ్చి ఆవిడకి ఇచ్చాను. బుడిపెలే తక్కువ. ఉన్నవాటిని గిల్లితే లోపల బూడిద రంగు. ఆవిడ వరసగా గిల్లుతూ పోయారు, ఒక్కదానికీ రంగు రాలేదు. నా పేరు పిలిచి ఏదో చెప్పబోయి, వద్దనుకుని, గోళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

ఆ ఎండాకాలం చివర ఆవిడ ఇంటింటికీ తిరిగి పాత నూలు బట్టలు అడిగారు. ఎందుకమ్మా అంటే "పని ఉంది" అన్నారు, అంతే. మా అమ్మ అటక మీది మూటని విప్పి కూడా చూడకుండా ఇచ్చేసింది. తరవాత కొన్ని మధ్యాహ్నాలు, అందరూ తలుపులేసుకుని పడుకునే వేళ, టీచరమ్మ ఒక్కరే మడుల్లో తిరగడం మేం కాలవ గట్టు మీద నుంచి చూశాం. ఒక మడిలో ఒంగుతారు, ఏదో పాతుతారు, అరచేత్తో తట్టుతారు, లేచి ఇంకో మడికి పోతారు. పెదాలు కదులుతుండేవి. ఏ కీర్తనో పాడుకుంటున్నారని ఇప్పుడనుకుంటున్నాను. అప్పుడు మాత్రం మాలో ఎవరూ అలా అనుకోలేదు.

వానలు మొదలయ్యాయి. నాకు జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. ఆస్పత్రిలో కొన్నాళ్లుండి ఇంటికొచ్చాక కూడా అది పూర్తిగా వదల్లేదు. జుట్టు రాలిపోయింది, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. బలం రావాలంటే ఆకుకూరలు పెట్టమన్నారు డాక్టర్. మడిలో ఆకన్నది లేదు. గోల్‌బజార్ నుంచి రోజూ కొనే స్తోమత మాకు లేదు. అమ్మ ఒకరోజు మడిని తిరగవేసి మళ్లీ విత్తనం వేద్దామని పార తీసుకుని వెళ్లింది.

పారకి గుడ్డ తగిలింది. లాగితే నా పాత గౌను ముక్క. పసుప్పచ్చ పూల గౌను. మధ్యలో ఎర్రదారంతో మా క్వార్టర్ నంబరు కుట్టి ఉంది. అన్ని వానల్లో నానినా గుడ్డ చెక్కుచెదరలేదు. ఉతికితే మళ్లీ వాడుకోవచ్చు, అలా ఉంది.

చేతబడిని మా వైపు వాళ్లు చిల్లంగి అంటారు. తినడానికి లేకపోయినా ఓర్చుకునే మనుషులు ఆ మాట వింటే వణికిపోతారు. అమ్మ ఆ గుడ్డని కర్రకొసతో ఎత్తి తెచ్చి, పంపు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరి ముందూ టీచరమ్మ కాళ్ల దగ్గర పడేసింది.

"ఏటిది టీచరమ్మా? నా గుంట గౌను నా మడిలో ఎందుకు పాతినావు? ఎర్రదారంతో మా ఇంటి నంబరు ఎందుకు కుట్టినావు? నా గుంట మంచం మీద నుంచి లెగనేకపోతంది!"

టీచరమ్మ ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. రెండు చేతుల్తో పట్టి చింపబోయారు. చిరగలేదు.

"ఏమీ కాలేదు దీనికి," అన్నారు మెల్లగా.

"అదే నానూ అంటన్నాను! కుళ్లనేదు! మట్టి కూడా ముట్టనేదు! మంచిదైతే మట్టెందుకు ముట్టదు?"

"నీ భయం నిజమే వదినా. నాకూ భయంగానే ఉంది."

అనకూడని మాట అనేశారు. పంపు దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి వెనక్కి జరిగారు. ఆవిడ చెప్పడానికి ప్రయత్నించారు. ఇది మట్టికి పెట్టిన పరీక్ష అన్నారు. కంటికి కనపడని ప్రాణులు మట్టిలో ఉంటే ఈపాటికి గుడ్డని తినేసి ఉండాలన్నారు. మీరిచ్చిన బట్టలే పాతాననీ, ఏ మడి గుడ్డ ఏదో గుర్తుపట్టడానికే నంబరు కుట్టాననీ, మట్టి తినని టెరిలిన్ దారం వాడాననీ చెప్పారు. "ఈ మడిలో తినేవేవీ మిగల్లేదు. ఏదీ తినని మట్టి మనకేటి పెడతాది?"

"ముందే సెప్పొచ్చు కదా?" అంది ఒకావిడ.

"చెబితే మీరు ఆ చోట మాత్రం పేడేసి బాగు చేసేస్తారని చెప్పలేదు. అది నా తప్పే."

పైగా ఆవిడ పరుగున వెళ్లి తన మడిలో పాతిన గుడ్డని తవ్వి తెచ్చారు. నాలుగు పోగులు, ఎర్రదారం, అంతే మిగిలింది. తేడా చూస్తే అర్థమవుతుందనుకున్నారు పాపం. వాళ్లకి ఇంకోలా అర్థమైంది. తన మడిలోది మాయమైంది, మన మడిలోది అలాగే ఉంది, చూశారా అన్నారు.

ఆ తరవాత ఆవిడతో మాట్లాడేవాళ్లు లేకపోయారు. పిల్లల చేత ఆవిడ దగ్గర ట్యూషన్ మాన్పించారు. ఎవరో ఆవిడ గేటుకి నిమ్మకాయ కట్టారు. చర్చిలో వాళ్లు కూడా ఇబ్బందిపడి, "ఎందుకొచ్చిన గొడవమ్మా" అన్నారట. కాలనీ పెద్దలు ఇద్దరు వచ్చి, ఇంకెక్కడికైనా క్వార్టర్ మార్పించుకోమని మర్యాదగానే చెప్పి వెళ్లారు. పుట్టి పెరిగిన చోటు అది ఆవిడకి.

నేను మంచం మీద నుంచి చూసింది ఒక్కటే. మిట్టమధ్యాహ్నం కిటికీ ఊచల అవతల తెల్లచీర. లోపలికి రావడానికి లేదు కాబట్టి అక్కడే నిలబడేవారు. ఎండ వెనకనుంచి పడి మొహం కనిపించేది కాదు.

"ఏటి తిన్నావు పాపా?"

"జావ."

"కూర?"

"లేదు టీచరమ్మా."

ఆవిడ వెళ్లిపోయేవారు. కిటికీ గట్టు మీద ఆవిడ మడిలోని తోటకూర కట్ట ఉండేది. అమ్మ దాన్ని కాలవలో పారేసేది. మర్నాడు మళ్లీ ఉండేది. ఒకరోజు నాన్న ఆ కట్ట తీసి, కడిగి, తనే వండాడు. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

కొన్నాళ్లకి టీచరమ్మ మా గేటు దగ్గరికొచ్చి అమ్మని పిలిచారు. చేతిలో తెల్లటి గుడ్డ ముక్క. "ఇది మా అమ్మ చీర వదినా. చింపినాను. నా పేరే కుట్టినాను, చూడు." ఎర్రదారంతో ఆవిడ పూర్తి పేరు, గుండ్రటి అక్షరాల్లో. "మీ మడిలో పాతు. నీ చేత్తోనే పాతు. చిల్లంగే అయితే నాకే తగులుతాది. మట్టి దీన్ని తినేస్తే నన్ను ఇక్కడ ఉండనీ. తినకపోతే నేనే పోతాను, ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ చోట నేను చెప్పినట్టు చెయ్యాలి."

అమ్మ చాలాసేపు ఆ పేరునే చూసింది. ఒక మనిషి తన పేరుని, పోయిన తల్లి చీర మీద రాసి, మట్టికి ఇస్తానంటోంది. అమ్మకి శాస్త్రం అర్థం కాలేదు గానీ ఇది అర్థమైంది.

"పాతేదీ నానే, తవ్వేదీ నానే," అంది. "నువ్వు గట్టు కూడా ఎక్కకు."

అలాగే జరిగింది. టీచరమ్మ కాలవ ఇవతల నిలబడి చెప్పడం, అమ్మ అవతల చెయ్యడం. ఊడ్చవద్దన్నారు, చీపురు మూలన పడింది. యూరియా వద్దన్నారు. కుళ్లిన పేడ, దాని మీద ఎండుటాకు మందంగా. ఆకులు టీచరమ్మే హిజ్లీ వైపు చెట్ల బాటల్లో ఏరి సైకిల్ మీద బస్తాలు తెచ్చి కాలవ ఇవతల పడేసేవారు. జనుము చల్లించారు, పూతకి రాగానే అక్కడే మట్టిలో కలిపించారు. చుట్టూ కంది వేయించారు. కంది వేరు మొండిది, బూడిద పొరలోకైనా దిగుతుందన్నారు.

అమ్మ రోజూ వెళ్లేది. భక్తితో కాదు, భయంతో. గుడ్డని మట్టి తినకపోతే అంతకన్నా చెడ్డ శకునం లేదని ఆమె లెక్క. ఆకులు ఎత్తి చెయ్యి పెట్టి చూసి వచ్చి మాకు చెప్పేది. "లోన ఏటో కదుల్తంది." ఇంకోరోజు, "వెచ్చగుందే! ఒళ్లు కాగినట్టు కాగిపోతంది." కుళ్లే ఆకుకి వేడి పుడుతుందని నాకిప్పుడు తెలుసు. కానీ సరిగ్గా ఆ వారమే నా ఒళ్లు చల్లబడింది. నా గుంట జొరం మట్టికెక్కింది అని అమ్మ అందరికీ చెప్పింది. అది తప్పని టీచరమ్మ ఏనాడూ అనలేదు. ఇంకోరోజు అమ్మ తెల్లమొహంతో వచ్చింది. ఆకుల కింద సన్నటి తెల్లటి పోగులు కనిపించాయట, ముట్టుకుంటే చల్లగా, ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి పాకుతూ. "టీచరమ్మ సీర పోగులు నడిసొస్తన్నాయి" అంది. అది బూజు జాతిదని, మట్టికి చాలా మంచిదని కాలవ అవతల నుంచి టీచరమ్మ అరిచి చెప్పారు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

వానలు వెళ్లాక, దసరా సెలవుల్లో ఒక పొద్దున్న, అమ్మ తవ్వింది. వీధి ఆడవాళ్లంతా గట్టు మీద ఉన్నారు. నేను నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. టీచరమ్మ కాలవ ఇవతలే ఉండిపోయారు, ఒప్పందం ప్రకారం.

అమ్మ పార పక్కన పెట్టి చేతుల్తో తవ్వింది. మట్టి నల్లగా, మెత్తగా, గుప్పెట్లోంచి జారిపోతోంది. గుడ్డ లేదు. ఇంకా తవ్వింది. లేదు. ఎవరో గొణిగారు. అప్పుడు అమ్మ చేతులు ఆగిపోయాయి.

ఎర్రగా అక్షరాలు. కింద చీర లేదు, దారం ఒక్కటే ఉంది. మట్టిలో ఆవిడ పేరు పడుకుని ఉంది. కంది వేళ్లు ఆ అక్షరాల మధ్య నుంచి దూరి వెళ్లాయి. వెంట్రుకల్లాంటి తెల్లటి పిల్లవేళ్లు ఒక్కో అక్షరాన్నీ చుట్టి పట్టుకుని, ఎక్కడిదక్కడే ఉంచాయి. అమ్మకి చదువు అంతంతమాత్రం. వేలు పెట్టి, కూడబలుక్కుని, ఆ పేరు పైకి చదివింది. అన్నేళ్లలో ఆవిడ పేరు అమ్మ నోట వినడం అదే మొదటిసారి. యార్డులో ఇంజను కూత వేసి ఆగింది.

"తినీసింది," అంది అమ్మ. అలాగే మట్టిలో కూలబడి, కాలవ వైపు చూసి, "రా వదినా, మడిలోకి రా" అని ఏడ్చేసింది.

తరవాతి ఏడాది కాలనీ ఆడవాళ్లందరూ తమ మడుల్లో ఎవరి గుడ్డలు వాళ్లే పాతుకున్నారంటే నమ్ముతారా. వానలయ్యాక తవ్వుకోవడం ఒక వేడుకలా తయారైంది. మీది తినేసిందా, మాది సగమే తింది అని పంపు దగ్గర మాటలు. ఎండుటాకు కోసం దెబ్బలాటలు కూడా జరిగాయి. నాన్న జబ్బుపడి జీతం లేని సెలవులో ఉన్న ఏడాది, ఆ మడే మా ఇంటికి అన్నం పెట్టింది. కంది పప్పు, తోటకూర, గుమ్మడి, చేమదుంప. కూరల దీదీ కూడా ఆ కంది విత్తనమే అడిగి పట్టుకెళ్లి వాళ్ల పల్లెలో వేసింది. టీచరమ్మ పోయిన రోజున దీదీ ఏడ్చింది అందుకే.

ఆవిరి ఇంజన్లు పోయాయి, బూడిదా పోయింది. నాన్న తరవాత నాకూ రైల్వేలోనే ఉద్యోగం రావడంతో మేం అదే క్వార్టర్‌లో ఉండిపోయాం. టీచరమ్మ రిటైరై దగ్గరలోనే ఒక అద్దె ఇంట్లో ఉన్నారు. సాయంత్రాలు మా అరుగు మీద అమ్మ, ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చునేవారు. ఒకసారి ఆవిడ సమాధుల తోట వైపు చెయ్యి చూపించి, "అక్కడంతా మొరం వదినా. రాయిలాంటి నేల. నన్ను అక్కడ పెడితే ఎన్నేళ్లైనా అలాగే ఉండిపోతాను, మీ పాప గౌను ముక్కలా," అని నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆ మాట ఆమె మనసులో పడిపోయింది. టీచరమ్మకి చావంటే భయం లేదు, ఆ ఒక్కదానికే భయం ఉండేదని అమ్మ నమ్మకం. నేనూ నమ్ముతున్నాను.

కాబట్టి ఆ పొద్దున్న, ఏడాదిగా గేటు దాటని మా అమ్మ మంచం దిగింది. కూరల దీదీ గంప ఖాళీ చేయించి, నా చేత మడిలోని నల్లమట్టి నింపించింది. పైన ఎండుటాకులు వేయించింది. తన పాత చీర కొంగు చింపి, చూపు ఆనకపోయినా సూదిలోకి దారం నా చేత ఎక్కించుకుని, ఎర్రగా ఏదో కుట్టింది. చూస్తే తన పేరు. అక్షరాలు వంకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"నీ పేరెందుకమ్మా?"

"ఆ రోజు ఆవిడ పేరు నా మడిలో పెట్టింది. ఇయ్యాల నా పేరు ఆవిడ దగ్గరుండాల."

రిక్షాలో వెళ్లాం. భూస్థాపనకి చర్చి వాళ్లు వచ్చి ఉన్నారు. తవ్విన గుంట పక్కన మొరం కుప్ప, ఎర్రగా, గులకరాళ్లతో. అమ్మ పాస్టరుగారి ముందు నిలబడి, "బాబూ, ఈ మట్టి ముందు ఎయ్యనివ్వండి. ఆవిడకి అలవాటైన మట్టి," అంది. ఆయన గంపలోకి చూశారు, ఒక గుప్పెడు తీసి వాసన చూశారు. బహుశా ఆయనా చిన్నప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నారేమో. పక్కకి జరిగి దారిచ్చారు. అమ్మ ఒంగి గుప్పెళ్లతో పోసింది. పూడ్చిన తరవాత తలవైపు మిగిలిన మట్టి పరిచి, గుడ్డని అందులో పాతి, అరచేత్తో తట్టింది. అచ్చం టీచరమ్మ తట్టినట్టే.

మొన్న వానలు వెళ్లాయి. "ఎల్లి సూసి రా," అంది అమ్మ. ఆమె ఇప్పుడు మంచం మీద లేచి కూర్చోవడం కూడా కష్టంగా ఉంది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి అటే వెళ్లాను. తోటలో ఎవరూ లేరు. చుట్టూ ఎర్రటి గట్టినేల, పచ్చిక కూడా లేదు. ఆ ఒక్క సమాధి తలవైపు మాత్రం నల్లగా, ఉబ్బి ఉంది. మేం వేయని కంది మొక్క ఒకటి మోకాలెత్తున నిలబడింది. ఆ మట్టితో పాటు వచ్చిన గింజే అయి ఉంటుంది. కూర్చుని ఆకులు తప్పించి వేళ్లు పెట్టాను. వెచ్చగా ఉంది. చిటికెడు తీసి వాసన చూశాను. మొదటి వానకి వచ్చే వాసన, ఇంట్లో ఎవరో ఉన్న వాసన. నాకు ఏడుపొచ్చింది. గుడ్డ ఎక్కడా తగల్లేదు.

ఇంటికొచ్చి అమ్మకి తినేసిందనే చెప్పాను. హమ్మయ్య అని, గోడ వైపు తిరిగి హాయిగా పడుకుంది. ఇంకొకటి చూశాను, అది చెప్పలేదు.

లేచి వచ్చేద్దామనుకుంటుంటే కంది మొదట్లో ఎర్రదారం కొస ఒకటి కనిపించింది. అమ్మ పేరులోని చివరి అక్షరం అయి ఉండాలి. పట్టుకుని కొంచెం లాగాను. రాలేదు. అవతలి కొసని ఏదో గట్టిగా పట్టుకుని ఉంది. వేళ్లే, తెలుసు నాకు. వదిలేశాను. గాలి లేదు, కంది ఆకు కూడా కదలడం లేదు. ఆ దారం కొస మాత్రం నేను చూస్తుండగానే మెల్లమెల్లగా మట్టిలోకి వెళ్లిపోయింది.